పడవకు కొత్త పలుపు

మా ఇళ్లలో గేదెను కొనడానికి వెళ్తే కొత్త పలుపు వెంట తీసుకెళ్లాలి. అమ్మినవాళ్లు పశువును ఇస్తారు గాని కట్టిన తాడు ఇవ్వరు. తాడుతో పాటు ఇంట్లో పాడీ పోతుందని భయం. ఆ అలవాటు కొద్దీ, వాడిన మోటారు పడవ కొనడానికి బయలుదేరినప్పుడు కూడా తెనాలి బజారులో కొత్త తాడు కొని కారు డిక్కీలో పడేశాను.

"పడవకి పలుపేంటండీ!" అని మా ఆవిడ నవ్వింది.

నవ్వనీ. పొలం కౌలుకిచ్చేశాక నాకు మిగిలిన కోరిక ఒక్కటే. చిన్న గది ఉన్న పడవ కొని, రేపల్లె దగ్గర కృష్ణలో ఎక్కి, సముద్రంలో కలిసే దాకా వెళ్లి రావాలి. వాతావరణం బాగుంటే తీరం వెంట నిజాంపట్నం దాకా. అదీ ఆవిడతో కలిసి. చిక్కంతా అక్కడే ఉంది. ఆవిడకు నీళ్లంటే భయం. "కొనడం మీ ఇష్టం, ఎక్కడం నా ఇష్టం" అని ముందే చెప్పేసింది. ఆవిడ ఎక్కని పడవ నాకెందుకు?

మొదటిది నిజాంపట్నంలో చూశాం. చేపల పడవ మీదే గది కట్టారు. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. అడుగు చెక్క ఎత్తి చూస్తే కింద నీళ్లు. "వాన నీళ్లేనండి" అని అమ్మేవాడు నవ్వాడు. వాన పడి ఎన్నాళ్లయిందో నాకు తెలియదా! ఒళ్లు మండింది. బాపట్ల దగ్గర రెండోదాని ఇంజను మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. చల్లగా ఉంటే మొరాయిస్తుందని, మేం వచ్చేలోగా ఒకసారి ఆడించి ఉంచారన్నమాట. అతనూ నవ్వుతూనే ఉన్నాడు. మా ఆవిడ పడవల వైపు చూడనే లేదు. కారు పక్కన నిలబడి అమ్మేవాళ్ల మొహాలే చూసింది.

"వదిలించుకుంటున్నారండీ" అంది తిరుగు దారిలో. "ఇంకొక్కటి చూద్దాం. అదీ కాకపోతే ఈ మాట మళ్లీ ఎత్తొద్దు."

మూడోది రేపల్లె అవతల పెనుమూడి రేవులో ఉంది. చీరాలలో బట్టల వ్యాపారం చేసిన పెద్దాయనది. రంగు వెలిసింది గాని అడుగు పొడిగా ఉంది. చల్లటి ఇంజను మొదటిసారికే అందుకుంది. ఆయన పడవను పొగడనూ లేదు, నవ్వనూ లేదు. భార్య ఉన్నప్పుడు ఇద్దరూ తిరిగేవాళ్లమని, ఆమె పోయాక ఎక్కబుద్ధి కావడం లేదని చెప్పి, మూసిన గది తలుపే మళ్లీ తీసి మూశాడు.

మా ఆవిడ నా వైపు చూసి తలూపింది. ప్రాణం లేచొచ్చింది. బేరం కుదిరాక నా కొత్త తాడు పడవకు కట్టి, పాతది విప్పి ఆయన చేతిలో పెట్టాను.

"తాడు కూడా మీదేనండి. మంచిదే" అన్నాడు ఆయన.

"మాలో పలుపు ఇవ్వరు అన్నయ్యగారూ" అంది మా ఆవిడ. "మీ దగ్గరే ఉండాలి. మళ్లీ కొనుక్కోవాలిగా."

"ఇంకేం కొంటానమ్మా నేను!"

అన్నాడే గాని ఆయన ఆ తాడును వదల్లేదు.

మా ఆవిడ చెప్పులు విడిచి నీళ్ల అంచుకు వచ్చింది. "కొనొద్దులెండి, దీంట్లోనే మాతో రండి. ముందు మీరెక్కి ఆ తాడు ఇటు అందించండి, నాకు భయం."

ఆయన ఎక్కాడు. తాడు ఒక కొస ఆయన పట్టుకున్నాడు, రెండో కొస ఈవిడ పట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుని అడుగు వేసేసింది.

"ఏంటలా చూస్తున్నారు, రండి" అని నన్ను కేకేసింది. కొత్త పలుపు పట్టుకుని నేనింకా ఒడ్డునే ఉన్నాను.