ఆముదం పోసిన బండి

మొన్న ఎంకపల్లికి పెండ్లికి పోతే, పక్క చెలకల పట్నం పోరగాండ్లు మట్టిల నడిపే మోటర్‌సైకిళ్లు ఉరికిస్తున్నరు. ఒకటే రొద, నీలం పొగ. రేస్ అసలే తగ్గిస్తలేరు. "ఓరి మీ బండ్లు పాడుగాను, ఇంజన్‌ను జర ఊపిరన్న తీసుకోనియ్యున్రి!" అని అరిసిన. పెండ్లోళ్లు నవ్విన్రు. ఈ ముసల్దానికి ఇంజన్ల సంగతి ఏమెరుక అనుకున్నరేమో. నాకైతే మా ఆయన బండి యాదికొచ్చింది.

మా ఆయనకు అసొంటిదే ఒక టూ స్ట్రోక్ ఫట్‌ఫటి ఉండె. దానికి పెట్రోల్లనే ఇంజన్ నూనె కలిపి పొయ్యాలె. చేవెళ్ల నుంచి పట్నం పోతుంటే నడుమ నడుమ రేస్ వదిలి దాన్ని సల్లబరిచెటోడు. "గిట్ల పోతే ఎడ్లబండే నయం" అని నేను ఎక్కిరిస్తే ముసిముసిగ నవ్వెటోడు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమమప్పుడు బస్సులు బంద్, దుకాణాలు బంద్. మా అత్త పట్నంల దవాఖానల ఉన్నది, మా ఆడబిడ్డ ఆమె దగ్గర ఉన్నది. ఒకనాడు పొద్దుగాల, ఆమె పంపితే సైకిల్ మీద ఒకాయన వచ్చి, "అవ్వకు బాగలేదు, కొడుకును సూడాలంటున్నది, జల్ది పోన్రి" అన్నడు. పెట్రోల్ ఉన్నది గని కలిపే నూనె లేదు. మా ఆయన ఇల్లంత ఎతికి, నేను తలకు పెట్టుకునే ఆముదం గుమ్మరించిండు. అది పెట్రోల్ల సక్కగ కలుస్తదో లేదో మాకేం ఎరుక! ఆ రోజు రేస్ ఒక్కసారన్న వదల్లే. పొగంత బాలెంత ఇంటి వాసన. మొయినాబాద్ దాటంగనే ఇంజన్ బిగుసుకపోయింది. ఎనక చక్రం పట్టేసి, బండి రోడ్డు మీద ఈడ్చుకుంట పోయి ఆగింది.

రోడ్డు పక్క చర్చి దిక్కుకెల్లి ఒకాయన పాపం బిందెతోని నీళ్లు తెచ్చిండు. "వద్దన్నా, కాలిన ఇనుము మీద నీళ్లు పోస్తే పగుల్తది" అని మా ఆయన అడ్డం వడ్డడు. ఇగ చేసేదేమున్నది, రోడ్డు పక్కన కూసున్నం. ఒక్క బండి రాలే, ఒక్క బస్సు రాలే.

"ఇంకెంతసేపయ్యా?" అన్న.

"సల్లారాలె. ముట్టుకుంటే చెయ్యి కాలుతున్నది. నన్నేం జెయ్యమంటవు చెప్పు?"

అంత పెద్ద మనిషి, తువ్వాలతోని ఇంజన్‌కు గాలి ఊపుకుంట ఏడుస్తున్నడు. నేను గూడ కొంగుతోని ఊపిన. ఆఖరికి గంటకు ఇంజన్ వదులైంది, మెల్లగ పోయినం.

దవాఖానల అత్తకు ఊపిరైతే ఉన్నది గని మాట పడిపోయింది. కండ్లు తెరిచి పైకి సూస్తున్నది. "ఇప్పటిదాంక నీ పేరే కలవరించిందిరా తమ్మీ, గంట కూడ కాలే మాట ఆగి" అని ఆడబిడ్డ బావురుమన్నది. మా ఆయన అవ్వ చెయ్యి పట్టుకొని "అవ్వా, వచ్చిన్నే" అనుకుంటనే ఉన్నడు.

ఆయన కూడ పోయి శానా ఏండ్లయింది. అన్ని కాలాలు గడిచినయి గని, మొయినాబాద్ రోడ్డు మీద ఆ ఒక్క గంట మాత్రం నాకింక గడుస్తలేదు.