పురుగులు ఆపేసిన పాట

మా అన్న వసంత్ వేమగల్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి. మనిషి మెత్తన, బుర్ర మాత్రం కాస్త తిక్క. పోయిన ఏడాది రాబర్ట్‌సన్‌పేట అమోఘ్‌తోనూ ఇంకో ఇద్దరు స్నేహితులతోనూ కలిసి సైకెడెలిక్ రాక్ బ్యాండు పెట్టాడు. అదేం సంగీతమని అడిగితే, కళ్లు మూసుకుంటే రంగులు కనిపించే సంగీతమన్నాడు. నాకైతే తలనొప్పి తప్ప ఏ రంగూ రాలేదు.

ఒక్క పాట మాత్రం నిజంగా బాగుండేది. మా ఊరు బూదికోటలో మా అమ్మ మునివెంకటమ్మ పట్టుపురుగులు మేపుతుంది. పెద్ద పురుగులు మల్బరీ ఆకు తింటుంటే షెడ్డులో వాన కురుస్తున్నట్టే ఉంటుంది. అన్న ఆ చప్పుడును ఫోన్‌లో రికార్డు చేసి, దాని మీద గిటారు వాయించేవాడు. చిక్కల్లా, ఆ పాటను ఎక్కడ ఆపాలో నలుగురికీ తెలియదు. ఎవరికో ఒకరికి చేతులు నొప్పి పుడితే ఆగేది.

వాళ్ల మొదటి కచేరీ, అదే ఆఖరిది కూడా, రాబర్ట్‌సన్‌పేటలో ఒక పెళ్లి హాల్లో జరిగింది. స్టేజీ వెనక కట్టడానికని అన్న మా చంద్రికెలన్నీ టెంపోలో వేసుకుపోయాడు. పురుగులు గూళ్లు కట్టుకునే వెదురు తట్టలవి. వాటి మీద వెదురు పట్టీ లోపలికి చుట్టలు చుట్టలుగా తిరిగి ఉంటుంది. రంగు లైట్లు పడితే చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయట.

"పురుగులు పండేది రేపు గదమ్మా, సాయంత్రానికి తెచ్చేస్తాను" అన్నాడు. అమ్మ కాదనలేకపోయింది.

ఎండ ముదిరి, పురుగులు ఆ మధ్యాహ్నమే పండాయి, అంటే గూడు కట్టే దశకు వచ్చేశాయి. ఆకు ముట్టకుండా తలలెత్తి చోటు వెతుకుతున్నాయి. చంద్రికెలకు ఎక్కించకపోతే పట్టంతా చెత్తలో కక్కేస్తాయి, పంట పోయినట్టే. ఊరంతా పిల్లపురుగులను ఒకే రోజు తెచ్చుకుంది కాబట్టి, అడుగుదామన్నా ఎవరి చంద్రికెలూ ఖాళీగా లేవు. అన్నకు ఫోన్ కలిపి అమ్మ చేతికిచ్చాను.

అక్కడ స్టేజీ మీద సరిగ్గా ఆ పాటే నడుస్తోంది, వాన చప్పుడు వస్తున్నది అన్న ఫోన్‌లోంచే. ఫోనేమో హాలు స్పీకర్లకు తగిలించి ఉంది, అన్న అలాగే కాల్ ఎత్తాడు.

"యాడుండావప్పా? పురుగులు పండినాయి! చంద్రికెలు తేరా!"

అమ్మ గొంతు హాలంతా మోగింది. ఇదీ పాటలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారని అమోఘ్ తర్వాత చెప్పాడు. వాళ్లు చప్పట్లు కొడుతుండగానే బ్యాండంతా స్టేజీ వెనక తాళ్లు విప్పడం మొదలెట్టింది.

టెంపో మా ఇంటి ముందు ఆగేసరికి ఇంకా వెలుతురుంది. మెరుపుల చొక్కాలతోనే నలుగురూ మా పక్కన కూర్చుని పండిన పురుగులను ఏరి చంద్రికెల మీద పరిచారు. పురుగుకు దెబ్బ తగలకుండా ఎలా ఎత్తాలో అమ్మ చూపిస్తూనే తిడుతోంది, తిడుతూనే చూపిస్తోంది. దీపాల వేళకు ఒక్కటీ మిగల్లేదు. అప్పటికే కొన్ని దారం తీయడం మొదలుపెట్టాయి. పంట దక్కింది.

షెడ్డులో ఇన్నాళ్ల వాన ఆగిపోయింది. అన్న గుమ్మంలో కూలబడ్డాడు.

"అమ్మా, ఆ పాట ఆగాల్సింది ఇట్లేనమ్మా" అన్నాడు.

"ఆగింది గదప్పా. ఇంగ చేతులు కడుక్కోని ముద్ద తినండి" అంది అమ్మ, ఆ రోజుకు మొదటిసారి నవ్వుతూ.