ఆటపెట్టె, మడిగె కిటికీలు

మొన్న పొద్దున దేవుడికి దీపం పెట్టి లేచేసరికి మా తమ్ముడు వచ్చి, గడప పక్కన ఒక అట్టపెట్టెను పసిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా దింపాడు. అందులో ఉన్నది ఆట మిషను. అన్నం పళ్లెమంత కూడా లేని తెరకు రెండు పక్కలా మీటలు. ఇంట్లో ఉంటే టీవీకి తగిలించి పెద్ద తెర మీద ఆడుకోవచ్చట, బయటికి పోతే ఊడదీసి చేతిలో పట్టుకుని ఆడుకోవచ్చట. ఆర్మూరులో రేపటి వ్యాపారమంతా దీనిదేనని హైదరాబాదు డీలరెవరో వాడి చెవిలో ఊదాడు, వాడు నమ్మాడు. అరవై దాటిన మనిషి, బతుకంతా ఒకరి బట్టల దుకాణంలో తాన్లు విప్పి మడిచిన మనిషి, ఇప్పుడు నాన్న పసుపు వ్యాపారం చేసి వదిలిపోయిన మడిగెను, ఆ దుకాణం గదిని, బ్యాంకులో కుదువబెట్టి ఈ మిషన్లు దింపుతానంటున్నాడు. మడిగె మా ఇద్దరి పేరు మీద ఉంది కాబట్టి నా సంతకం కావాలి.

"ఇంట్లకు ఒకటి, బయటికి ఒకటి కొనే పనే లేదక్కా. గిది ఒక్కటుంటే రెండూ ఉన్నట్టే. మస్తు నడుస్తది సూడు."

"ఎవలు కొంటర్రా?"

"పోరగాండ్లు."

"పోరగాండ్ల జేబుల ఫోన్లు లేవా, అండ్ల ఆటల్లేవా? గవి ఫుకట్ల వస్తుంటే నీ పెట్టె దిక్కు ఎవడు సూస్తడు?"

వాడు నా చెయ్యి పట్టుకుని మీట ఎలా నొక్కాలో చూపించాడు. నాకు మాత్రం ఆ పెట్టెను చూస్తే ఒళ్లు మండింది. పెట్టె కొంటే సరిపోదట, ఒక్కొక్క ఆటను వేరుగా కొనాలట, ఆ ఆట చింతగింజంత ముక్కలో ఉంటుందట, ఆ గింజ ఖరీదుకు మంచి చీర వస్తుంది. పొద్దుగూకితే మన ఇళ్లల్లో టీవీ ఎవరి చేతిలో ఉంటుందో మన ఈడు వాళ్లకు చెప్పాలా? సీరియల్ ఆపి మనవడి ఆట పెట్టమనే అత్తగారు పెర్కిట్ నుంచి భీమ్‌గల్ దాకా వెతికినా దొరకదు. ఇక బయట అంటారా, మన బస్సుల్లో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో సంచి పట్టుకుంటే ఆడటానికి మూడో చెయ్యి ఎక్కడిది?

పసుపు వ్యాపారంలో పెరిగినదాన్ని, నాకు ఈ రెండింటి కలగలుపు కొత్త కాదు. పొడుగాటి కొమ్ములది ఒక రాశి, గుండ్రటి మండలది ఒక రాశి. కొమ్ము కొనేవాడు వేరు, మండ కొనేవాడు వేరు. ఎవరైనా తెలివిమీరి రెండూ కలిపి పోస్తే ఇద్దరూ ముట్టుకుని చూసి పక్క రాశికి పోయేవారు, చివరికి మొత్తం మండ ధరకే పోయేది. ఆ ఆటపెట్టె గతీ అంతేనని వాడికి చెప్పాను. అయినా నాన్న దగ్గర నేర్చుకున్నదాన్ని కదా, సరుకును పరీక్షించకుండా కాదనకూడదు. ఆ రోజు ఎలాగూ గుట్ట మీది స్వామి దర్శనానికి భీమ్‌గల్ పోతున్నాను, దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కాను. స్వామి దయవల్ల కిటికీ పక్కన సీటు దొరికింది. పెట్టె తీసి, తమ్ముడు చూపించినట్టే మీట నొక్కాను. ఎండ తెర మీద పడి ఆట కనిపించలేదు, నా ముఖమే కనిపించింది. చూశావా నీ బయటి ఆట, అని మనసులోనే వాడిని వెక్కిరిస్తూ, కిటికీకి కొంగు అడ్డం పట్టాను.

అప్పుడు నా చెయ్యి అలాగే ఆగిపోయింది. తెర కనపడాలని నేను వెలుతురును మూయడం అది మొదటిసారి కాదు.

చిన్నప్పుడు జ్వరం వచ్చి నా కాలు సన్నబడింది, బడికి నడవలేకపోయాను. నాన్న నన్ను రోజూ సైకిల్ మీద మడిగెకు తీసుకుపోయి, పసుపు బస్తాల మధ్య కూర్చోబెట్టి, గోనె మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించారు. నేను రాసే ఈ నాలుగు ముక్కలూ ఆయన పెట్టిన భిక్షే, తలుచుకుని దేవుడికి దండం పెట్టని రోజు లేదు. పెద్దయ్యాక అక్కడే కూర్చుని బస్తాల మీద రైతుల పేర్లు రాసేదాన్ని. తమ్ముడికి మీసం వచ్చిన ఏడు, వాడు నాన్నను బతిమాలి మడిగె ముందు భాగంలో ఒక టీవీ, దానికి తగిలించే ఆట మిషను పెట్టాడు. గంటకింత అని ఆడించేవాడు. ఊళ్లో అదే మొదటిది కావడంతో జనం ఎగబడ్డారు, వాడు కాలు నేల మీద పెట్టలేదు. పక్కనే ఇంకో మడిగె తీసుకోవాలని, బల్లలు చేయించాలని రోజుకొక మాట చెప్పేవాడు.

మధ్యాహ్నం వాడు తిండికి పోయినప్పుడు నేను ఆడేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. ఒక చిన్న మనిషి గుంతలు దూకుతూ పరుగెత్తే ఆట అది. నడవలేని పిల్లకు ఆ దూకుడు ఎంత రుచిగా ఉండేదో ఏమని చెప్పను! వెనక కిటికీల నుంచి వెలుతురు సరిగ్గా తెర మీద పడేది. వాటిని మూసేదాన్ని. ముందు మూసి తెరిచేదాన్ని, తర్వాత తెరవడం మానేశాను. వానాకాలం అది, గాలి ఆడకపోతే పసుపుకు చెమ్మ పడుతుంది. ఆ కిటికీల కిందే ఆలూర్ రైతు ఒకాయన బోరు వేయించుకోవడానికని, మంచి ధర వచ్చేదాకా మా దగ్గర దాచుకున్న పసుపు బస్తాలున్నాయి.

దసరా ముందు ఆయన వచ్చాడు. నాన్న ఎప్పటిలాగే బస్తా అడుగు నుంచి ఒక కొమ్ము లాగి విరిచారు. మంచి కొమ్ము విరిస్తే గిన్నె మోగినట్టు మోగుతుంది. అది మోగలేదు, మెత్తగా వంగి తెగింది, లోపల తెల్లగా బూజు. ఆ రైతు తెగిన ముక్కను మళ్లీ బస్తాలోనే వేశాడు. నాన్న ఆయనకు మంచి సరుకు ధరే కట్టిచ్చారు. అయినా ఆయన మళ్లీ మా మడిగె మెట్టు ఎక్కలేదు.

"కిటికీలు ఎవలు మూసిండ్రు?" అని నాన్న అడిగారు. నేను పసుపంటిన వేళ్లను కొంగులో దాచుకున్నాను.

"నేనే నాయినా," అన్నాడు తమ్ముడు.

ఆ సాయంత్రమే టీవీ, మిషను తిరిగి వెళ్లిపోయాయి. దసరా తెల్లారి వాడిని బట్టల దుకాణంలో పనికి పెట్టారు. నలభై ఏళ్లు వాడు ఒకరి గల్లాపెట్టె ముందు నిలబడ్డాడు. ఆట మీద ఆశపడ్డ మూర్ఖురాలిని నేను, దుకాణం పోగొట్టుకున్నది వాడు. మొన్న సంతకం అడిగినప్పుడు కూడా ఆ ఊసెత్తలేదు.

భీమ్‌గల్‌లో స్వామి ముందు వాడి పేరున కొబ్బరికాయ కొట్టాను. తిరిగొచ్చి వాడిని మడిగె దగ్గరికి పిలిపించి, నిజం చెప్పేశాను.

"గా కిటికీలు మూసింది నేనురా."

"నాకు గప్పుడే ఎరికక్కా. మిషను మీట మీద పసుపు వేళ్ల అచ్చులుండె. ఆడుకుంటవని నేనే అన్నం నిమ్మళంగ తిని వస్తుంటి."

నేను కొంగున ముడివేసిన మడిగె తాళంచెవి విప్పాను. తర్వాత చెప్పాను: "కుదువ కాగితం మీద మాత్రం సంతకం పెట్టను. గా డీలరు మాటలు నాయిన వింటే కొమ్ము విరిచినట్టు విరుస్తుండె. గీ తాళంచెవి తీస్కో. నీ పైసలతోని అయిదు పెట్టెలే తెచ్చుకో. అయిదూ అమ్ముడుపోతే అప్పుడు సంతకం అడుగు."

"పోతయంటవా?"

"ఒక్కటి కూడ పోదు."

వాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వు నేను మళ్లీ వింటాననుకోలేదు.

తాళం తీశాక నేనే కుంటుకుంటూ లోపలికి పోయి వెనక కిటికీలు తెరిచాను. తుప్పు పట్టిన గడియ అరచేతిని గీరింది. వెలుతురు వచ్చి ఖాళీ నేల మీద పడింది. ఇప్పుడు రైతులు ట్రాలీలు కట్టుకుని నేరుగా నిజామాబాదు యార్డుకు పోతున్నారు, ధర కోసం ఎదురుచూస్తూ తమ పంటను ఇంకొకరి గోడల మధ్య నమ్మకంగా వదిలిపోయే మనిషి లేడు. నేల బండల సందుల్లో మాత్రం ఇంకా పసుపు గీతలున్నాయి. ఆ కిటికీలు ఇక తీసి ఉంచినా ఒకటే, మూసి ఉంచినా ఒకటే. పాడవడానికి లోపల ఎవరిదీ ఏమీ లేదు.