రాజయ్యకు మైల పట్టేవాళ్లు

1958లో నేను కరీంనగర్ కోర్టులో వకీలుగా సొంతంగా కూర్చున్నాను. అంతకుముందు నాలుగేళ్లు మా సీనియర్ గారి దగ్గర జూనియర్‌ని. జూనియర్ అంటే ఫైళ్ల కట్టలు మోయడం, వాయిదాలు అడగడం, సీనియర్ గారు కోప్పడినప్పుడు తల వంచుకోవడం. మూడింటిలోనూ నాకు మంచి పేరే ఉండేది. నా చదువంతా ఉర్దూ మీడియం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొత్తగా వచ్చిన అధికారులకు నిజాం కాలం నాటి కాగితాలు కొరుకుడు పడేవి కావు. అందువల్ల విరాసత్ కేసులు, అంటే పోయినవారి భూమి ఎవరికి దక్కాలో తేల్చే వ్యవహారాలు, నా బల్ల మీదికే ఎక్కువగా వచ్చేవి. వాటికి ప్రాణం వంశవృక్షం. తాత ఎవరు, ఆయనకెందరు కొడుకులు, ఎవరు దత్తు పోయారు, ఎవరు ఇల్లరికం వెళ్లారు అని గీతలు గీసి, ప్రతి గీతకూ ఒక సాక్ష్యం నిలబెట్టాలి. ఆ పనిలో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

ఆ ఏడు ఎండలు ముదిరే రోజుల్లో బెల్లంపల్లి నుంచి మల్లేశం అనే మనిషి వచ్చాడు. బొగ్గుబావిలో, తొట్లను పైకి లాగే తాడు ఇంజను దగ్గర పని. భూమి ఏ ఊళ్లో ఉంది, ఎన్ని గుంటలు అని అలవాటుగా మొదలుపెట్టాను.

"భూమి కేసు గాదు సాబ్. మా బాపు ఎవలో జర కనుక్కొని చెప్పాలె" అన్నాడు.

తండ్రి పోయి ఉంటాడనుకున్నాను. లేదు, ఇంట్లోనే ఉన్నాడు. పేరు రాజయ్య. చాలా ఏళ్ల కింద, కరువు రోజుల్లో, ఐదారేళ్ల పిల్లవాడిగా తల్లి వెంట ఏదో ఊరు విడిచి వచ్చాడు. తండ్రి అప్పటికే పోయాడు. అక్కడా ఇక్కడా కూలి చేసుకుంటూ ఇల్లందు వైపు చేరాక తల్లి కూడా పోయింది. పిల్లవాడు బొగ్గుబావిలో దిగాడు, బెల్లంపల్లిలో బావులు తెరిచాక ఇటు వచ్చాడు. తాము సాలెవాళ్లమని తల్లి చెప్పింది. ఊరి పేరు చెప్పిందో లేదో, చెప్పినా ఆయనకు గుర్తులేదు.

ఇన్నేళ్లు లేని బెంగ ఇప్పుడెందుకని అడిగాను. క్వార్టర్ల వరుసలో పొరుగింటి ముసలాయన పోతే మూడు ఊళ్ల నుంచి దాయాదులు వచ్చి తలస్నానాలు చేశారట. దాయాది పోయాడన్న కబురు చెవిన పడితే, ఎంత దూరంలో ఉన్నా తల మీద నీళ్లు పోసుకుని మైల పట్టడం మన దగ్గర విధి. చేయకపోతే చనిపోయినవాడు ఎవరికీ ఏమీ కానట్టు. ఆ స్నానాలు చూసిన నాటి నుంచి రాజయ్యకు ముద్ద దిగడం లేదు. "నేను వోతె నువ్వొక్కనివే నీళ్లు వోసుకుంటవారా" అని కొడుకును అడిగాడట. ఛాతీలో బొగ్గు పేరుకుంది, వచ్చే చలికాలం దాటడం కష్టమని డాక్టరు అప్పటికే చెప్పాడు.

ఇందులో కోర్టు లేదు, వాయిదా లేదు. అయినా ఒప్పుకున్నాను. ఎదుటి వకీలు లేని పని కదా, తేలిక అనుకున్నాను.

పద్ధతి ప్రకారం ముందు ఇంటిపేరు పట్టుకోవాలి. గని హాజరీలో రాజయ్య పేరు ముందు ఒక ఇంటిపేరు ఉంది. దాన్ని పట్టుకుని వాకబు చేస్తే జగిత్యాల వైపు ఒక ఊరు తేలింది. బస్సు దిగి రెండు కోసులు నడిచి వెళ్లాను. ఆ ఇంటివాళ్లు మర్యాదగా మజ్జిగ ఇచ్చారు, నేను చెప్పిందంతా విన్నారు, ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. వాళ్లు కాపులు. ఇంట్లో మగ్గం అన్నదే ఎన్నడూ లేదు. వాళ్ల పెద్దాయన ఒకప్పుడు ఇల్లందు బావులకు కూలీలను తోలుకుపోయే ముకద్దం. తీసుకెళ్లిన వాళ్లందరినీ తన ఇంటివాళ్లేనని తన ఇంటిపేరుతోనే రాయించేవాడు, అట్లయితే మనుషులు వేరే ముకద్దం కిందికి జారిపోరని. "మా పెద్దబాపుకు గట్ల నూరుమంది కొడుకులు సాబ్, ఎవలెవల్ని లెక్కవెడ్తం" అన్నాడు ఆ ఇంటి యజమాని. వచ్చిన బస్సే ఎక్కి వెనక్కి వచ్చాను.

మా సీనియర్ గారికి ఒక మాట ఉండేది: భూమి సంగతి మగవాళ్లను అడుగు, మనుషుల సంగతి ఆడవాళ్లను అడుగు. ఆ మాట గుర్తుపెట్టుకుని బెల్లంపల్లి వెళ్లాను. రాజయ్య నులకమంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బక్క మనిషి. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు. చిన్నప్పటి సంగతి ఏదైనా చెప్పమంటే ఒక్కటే చెప్పాడు. గుంత మగ్గం కింద, కాళ్లు పెట్టుకునే గుంతలో, తనూ తనకన్నా కొంచెం పెద్ద పిల్లవాడూ నక్కి కూర్చున్నారు. పైన ఎవరో నేస్తున్నారు. తొక్కుడు చెక్క వచ్చి ఆ పెద్ద పిల్లవాడి నుదుటికి తగిలింది. అంతే. ఆ జ్ఞాపకంతో ఏ ఊరికని పోను?

లేవబోతుంటే కోడలు సక్కుబాయి చాయ్ తెచ్చింది. ఆమెది సిర్పూర్ వైపు, మాటలో మరాఠీ కలుస్తుంది. ఈ ఇంటి ఆచారాలు నీకేమైనా కొత్తగా అనిపించాయా అని అడిగాను. అడగడమే ఆలస్యం, పదేళ్ల ఫిర్యాదు బయటికొచ్చింది.

"మా తాన పెండ్లికి పచ్చ గాజులు లేకుంటె పెండ్లే గాదు సాబ్. గీళ్లింట్ల పచ్చ అచ్చిరాదంట! గాజులు లేవు, చీర లేదు. మా అమ్మ, మా ఆయి, మండపంలనే ఏడ్చింది."

రాజయ్యను చూశాను. "మా అవ్వ, నన్ను గన్నది, చెప్పింది సారూ. మనింట్ల పచ్చ దారం మగ్గం ఎక్కదు, పచ్చ గాజు చెయ్యెక్కదు అని. ఎందుకో నాకెరుక లేదు" అన్నాడు.

మన ఇళ్లలో ఈ "అచ్చిరానివి" ఎన్నో ఉంటాయి. ఒకరింట్లో ఉయ్యాల కట్టరు, ఒకరింట్లో సొరకాయ వండరు. కారణం మరిచిపోతారు, ఆచారం మాత్రం మరవరు. అందులోనూ పచ్చ గాజు వద్దనే ఇళ్లు బహు తక్కువ. చాయ్ చల్లారిపోయింది. నాకు ఆ రోజు కలిగిన సంతోషం పెద్ద పెద్ద కేసులు గెలిచినప్పుడు కూడా కలగలేదు.

మరుసటి సోమవారం వేములవాడ వెళ్లాను. రాజన్న దర్శనానికి రాని ఊరుండదు, దర్శనం అయ్యాక గాజులు తొడిగించుకోని ఆడమనిషీ ఉండదు. దుకాణం దుకాణానికీ వెళ్లి పచ్చ వద్దనే సాలెవాళ్లు ఎవరైనా వస్తుంటారా అని అడిగాను. వకీలు కోటు వేసుకున్నవాడు గాజుల సంగతి అడిగితే ఎట్లా చూస్తారో అట్లాగే చూశారు. నాలుగో దుకాణంలో ముసలమ్మ మాత్రం వెంటనే చెప్పింది: "ఉన్నరు బిడ్డా, నాలుగిండ్లోళ్లు. కొత్త కోడలు పచ్చయి గావాలని మొఖం ముడుస్తది, అత్త ఎర్రయి తొడిగిస్తది. ఏటా సూస్తున్న." ఊరు పేరు కూడా చెప్పింది. నేనిక్కడ రాయను, వాళ్లింకా అక్కడే ఉన్నారు.

నేను ఆ ఊరు చేరేసరికి, ఆ నాలుగిళ్లకు పెద్ద అయిన నర్సయ్య మగ్గం మీద ఉన్నాడు. సాక్షిని అడిగేటప్పుడు జవాబు మనమే నోట్లో పెట్టకూడదు, పెడితే అది సాక్ష్యం కాదు. అందుకని రాజయ్య పేరు ఎత్తకుండా, కరువులో మీ ఇంటి నుంచి ఎవరైనా వెళ్లిపోయారా అని మాత్రమే అడిగాను. ఆయన పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపాడు.

"మా చిన్నబాపు సచ్చినంక చిన్నమ్మ పిలగాన్ని తీస్కొని పోయింది. మల్ల రాలే. ఆడు, నేను గీ గుంతలనే దాక్కునేటోళ్లం. ఇగో, చెక్క తగిలిన మచ్చ" అని నుదురు చూపించాడు.

ఆ పిల్లవాడు బతికే ఉన్నాడని చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ముఖం పాలిపోయింది.

"బతికుండుడేంది? మా బాపు పన్నెండేండ్లు ఎదురుసూసి, దర్భల బొమ్మ జేసి, ఆనికి కర్మజేసిండు. మేమందరం నీళ్లు వోసుకున్నం. నేను గుండు గొట్టించుకున్న. ఇప్పుడు ఆడొస్తె ఇంట్లకెట్ల రానిస్తం? కర్మజేసినోడు గడప దొక్కితె నా పిల్లల గతేంగావాలె?"

చట్టానికీ ఇటువంటి లెక్క ఒకటి ఉంది. ఏడేళ్లపాటు కబురు లేని మనిషిని పోయినట్టే భావించవచ్చు. కానీ ఆ మనిషిని తెచ్చి నిలబెడితే భావన వీగిపోతుంది. కోర్టులో అయితే ఒక్క పూట పని. ఇక్కడ హాకిం, అంటే జడ్జి, నర్సయ్యే; కోర్టు ఆయన గడప. ఆ రోజు తిరుగు ప్రయాణంలో రాజయ్యకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. దాయాదులు దొరికారు, కానీ వాళ్ల లెక్కలో నువ్వు ఎప్పుడో పోయావు, నీకు పట్టాల్సిన మైల పట్టేశారు, ఇంక మిగల్లేదు అని చెప్పనా? అది విని ఆ మనిషి చలికాలం దాకా ఆగుతాడా?

రాజయ్యకు చెప్పకుండానే ధర్మపురి వెళ్లాను. అక్కడ నాకు తెలిసిన శాస్త్రులు గారు అంతా విని, ఇందులో పరేషాన్ కావడానికేముందన్నారు: "పోయినవాడు తిరిగొస్తె పుట్టినవాని కిందనే లెక్క. పురుటి నీళ్ల నుంచి మల్ల మొదలువెట్టాలె. తల్లిదండ్రులు లేరు గనుక అన్నావదినెలే తల్లీతండ్రీ."

ఆయన్ను వెంటబెట్టుకుని నర్సయ్య ఇంటికి వెళ్లాను. శాస్త్రులు గారు అదే మాట చెబితే, నర్సయ్య లేచి మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. లోపలి నుంచి ఆయన భార్య గంగవ్వ నవ్వు వినిపించింది. "నాకు ఈ వయసుల కాన్పా! మంత్రసానిని ఏడికెల్లి తెస్తరయ్యా?" అంది. దానితో నర్సయ్యకు కూడా నవ్వొచ్చింది. ఆ ఇల్లాలికి నేను ఎప్పటికీ కృతజ్ఞుణ్ణి. నా వాదన అంతా ఎటూ తేల్చనిది ఆమె నవ్వొక్కటీ తేల్చింది.

వకీలుగా ఒక ధర్మం మిగిలింది. బెల్లంపల్లి వెళ్లి జరిగిందంతా చెప్పాక, ఉమ్మడి ఇంట్లో తండ్రి వాటా ఏదైనా వస్తుందేమో చూడవచ్చని రాజయ్యకు చెప్పాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "మగ్గం నేనేం జేసుకుంట సారూ? మనుషులు దొరికిన్రు, సాలు."

వానలు పడక ముందే మల్లేశం తండ్రిని రైల్లో, బస్సులో, చివరికి బండిలో తెచ్చాడు. నాలుగిళ్ల వాళ్లూ వాకిట్లో ఉన్నారు. రాజయ్యకు గోరువెచ్చటి నీళ్లు పోశారు. పురుటి బిడ్డను చాటలో పడుకోబెట్టాలి. మనిషి చాటలో పట్టడు గనుక తల మాత్రం ఆనించి, ఆ తర్వాత గంగవ్వ ఒడిలో పెట్టారు. నర్సయ్య మొలతాడు కట్టి, చెవిలో మూడుసార్లు "రాజయ్య" అన్నాడు. రాజయ్యకు దగ్గు తెర వచ్చింది.

"పుట్టంగనె దగ్గుడేంది? పుట్టినోడు ఏడువాలె గద" అంది గంగవ్వ.

రాజయ్య ఏడ్చాడు. మొదట చప్పుడు లేదు, తర్వాత పసివాడు ఏడ్చినట్టే గొంతెత్తి ఏడ్చాడు. మల్లేశం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాకూ కళ్లు నిండాయి.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించనిది. నర్సయ్య లేచి బావి దగ్గరికి నడిచాడు. వెనకే నాలుగిళ్ల మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. చావుకు మైల ఉన్నట్టే పుట్టుకకూ దాయాదులకు పురుటి మైల ఉంటుంది, తలస్నానం చేయాలి. ఒకరి తర్వాత ఒకరు బొక్కెనతో చేది తల మీద కుమ్మరించుకుంటున్నారు. రాజయ్య గంగవ్వ ఒడిలోంచి తల ఎత్తి చూశాడు.

"నా కోసమేనా గీళ్లందరు?" అని అడిగాడు.

"ఇంకెవని కోసంరా" అన్నాడు నర్సయ్య, తల తుడుచుకోకుండానే.

డాక్టరు చెప్పినట్టే రాజయ్య ఆ చలికాలం దాటలేదు. కబురు అందిన రోజే ఆ ఊళ్లో నాలుగిళ్ల వాళ్లూ మళ్లీ స్నానాలు చేశారని, కర్మలో నర్సయ్య రాజయ్యకు తండ్రి స్థానంలో కూర్చున్నాడని మల్లేశం వచ్చి చెప్పాడు.

ఈ వ్యవహారం ఏ కోర్టు రికార్డులోనూ లేదు. కానీ నా పని తీరు దీనితో మారింది. తర్వాత నా దగ్గరికి విరాసత్ కేసుతో ఎవరు వచ్చినా కాగితాలు తర్వాత చూస్తానని పక్కన పెట్టించేవాణ్ణి. ముందు ఇంటి ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఎవరు పోతే మీరు తలస్నానం చేస్తారు, ఎవరు పుడితే చేస్తారు అని అడిగేవాణ్ణి. వాళ్లు చెప్పిన పేర్లతోనే మొదటి గీత గీసేవాణ్ణి. ఆ గీత ఏ కోర్టులోనూ తప్పని తేలలేదు.