బ్యాటరీ ఊడదీసిన నల్ల ఫోను

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే లేచి టీకి వెళ్లిపోయే రకం నేను. డ్రిప్ పైపుల కంపెనీలో ఏళ్ల తరబడి పనిచేసినవాడికి భయపడడానికి హెడ్డాఫీసు చాలు. ఇది దెయ్యం పనని ఇప్పటికీ అనను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

అప్పుడు నేను కర్నూలు బ్రాంచి మేనేజర్ని. స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. నిండా సన్న సన్న బటన్లుండే ఫోన్లవి. పొలంలోనే ఫొటో తీసి అక్కణ్నుంచే మెయిల్ పంపాలని హెడ్డాఫీసు హుకుం. కానీ అందరికీ కొనివ్వరు. ఫీల్డు స్టాఫంతా రెండు ఫోన్లు వంతులవారీగా వాడుకోవాలి. ఏ ఫోను కొనాలో తేల్చే తలనొప్పి నాది.

షాపాయన రెండు రకాలు ఇచ్చి, కొన్నాళ్లు వాడి చూడమన్నాడు. అవి వచ్చినప్పటి నుంచి స్టాఫంతా నా ప్రాణం తోడేశారు. ఎండలో తెర కనపడదని ఒకరు, బటన్లు వేలికి అందవని ఒకరు. నల్ల ఫోనైతే ఎవరికీ నచ్చలేదు. మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతుంది, జేబులో కాలిపోతుంది. విని విని విసిగిపోయాను.

మా ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. ఒక మిస్డ్ కాల్ ఇస్తే పని అయిపోయింది, బయల్దేరుతున్నానని. వెంటవెంటనే రెండు ఇస్తే చిక్కులో పడ్డాను, జీపు పంపమని. ఎవరూ ఎత్తరు, ఎవరూ మాట్లాడరు.

డానియేలు మా ఫిట్టరు. ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు, మిగతా రోజులు ఎండలో పైపులు బిగిస్తాడు. ఆ రోజు ఆత్మకూరు అవతల, అడవి అంచున ఒక రైతు పొలానికి వెళ్లాడు. నల్ల ఫోను వంతు అతనిదే. పొద్దున నేను బయటి పనిమీద ఉండి అతన్ని చూడలేదు.

సాయంత్రం ఇంటికి చేరి ఇంకా చొక్కా కూడా విప్పలేదు, నా సెల్లుకు రెండు మిస్డ్ కాల్స్ వచ్చాయి. నల్ల ఫోను నెంబరు. తిరిగి చేస్తే స్విచ్ ఆఫ్. దాని బ్యాటరీ సంగతి తెలిసిందే కదా అనుకున్నాను. డ్రైవరు మద్దిలేటిని పిలిచి జీపు తీయించాను. నిజం చెప్పొద్దూ, దారంతా తిట్టుకుంటూనే వెళ్లాను.

పొలానికి వెళ్లే మట్టిదారిలో, కల్వర్టు కింద మోటారుసైకిలు పడి ఉంది. బండి కింద డానియేలు. కాలి ఎముక బయటికొచ్చింది. జీపు లైట్లు మొహాన పడితే కళ్లు తెరిచాడు.

"వస్తారని తెలుసు సార్. రెండు కొట్టినా గదా."

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు, తెల్లారేదాకా అక్కడే ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు. పని మిగిలితే డానియేలు రైతుల ఇళ్లల్లోనే పడుకునేవాడు కాబట్టి ఆ రాత్రి ఎవరూ వెతికేవాళ్లు కూడా కాదు. అతని భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

అతని చొక్కా జేబులో ఉన్నవి నర్సు నాకిచ్చింది. కొలత టేపు ఒక్కటే. ఫోను కల్వర్టు దగ్గర పడిపోయి ఉంటుందనుకున్నాను.

మర్నాడు ఆ మాటే మా ఆఫీసు లెక్కలు చూసే రమీజాబీతో అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"ఫోను ఈడనే ఉండాది గదా సార్. నాకొద్దని డానియేలన్న నిన్న పొద్దున్నే నాకిచ్చి పాయె. శానా కాలుతాందని బ్యాటరీ ఊడదీసి పెట్టినా."

బీరువా తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. తెరిచింది. ఫోను ఒక పక్క, బ్యాటరీ ఒక పక్క. సిమ్ము దాని గూట్లోనే ఉంది. నా సెల్లు తీసి ఆ రెండు మిస్డ్ కాల్స్ చూపించాను. "యా అల్లా" అంటూ కుర్చీలో కూలబడింది.

సిమ్ము కంపెనీవాళ్లను అడిగాను. పాత కాల్స్ ఒక్కోసారి ఆలస్యంగా వస్తాయన్నారు. వస్తాయేమో. సరిగ్గా రెండే, సరిగ్గా ఆ సాయంత్రమే ఎందుకు రావాలో వాళ్లు చెప్పలేదు.

డానియేలు లేచి కూర్చున్నాక అడిగాను.

"ఏమప్పా, ఏ ఫోనుతో కొట్టినావు?"

"జేబులోదే సార్. చెయ్యి పెడితే వేడిగా ఉన్నింది."

"పొద్దున రమీజమ్మకు ఇచ్చి పోయినావంట గదప్పా."

"ఔ సార్... ఇచ్చినా" అని, తన చేతిని తానే చూసుకుంటూ ఉండిపోయాడు.

ఫోన్లు ఖాయం చేసే రోజు వచ్చింది. నల్లదాని మీద అన్ని ఫిర్యాదులు చేసినవాళ్లలో ఒక్కరూ నోరు మెదపలేదు. డానియేలు మాత్రం, "అదే ఉంచండి సార్" అని కబురు పంపాడు. కానీ రమీజాబీ, అది లోపల ఉన్నంతకాలం ఆ బీరువా తెరవనంది. చివరికి రెండోరకం ఫోన్లే తీసుకుని, నల్లదాన్ని నేనే షాపుకు పట్టుకెళ్లాను.

ఎందుకు వద్దంటున్నారని షాపాయన అడిగాడు.

"బ్యాటరీ నిలవదు" అన్నాను. అంతకుమించి చెప్పడానికి అప్పుడూ నాకు తెలీలేదు, ఇప్పుడూ తెలీదు.