నీళ్ళలో వేసిన కవరు

నా ఆల్బమ్‌లో నీటికుక్క స్టాంపు ఒకటి ఉంది. మచ్చ లేదు, మడత లేదు, నాలుగు వైపులా పళ్ళు పళ్ళుగానే ఉన్నాయి. అది అంటించుకుని వచ్చిన కవరు మాత్రం లేదు. ఆ కవరు వెనక ఏం రాసుందో నేను చదవలేదు. రాసిన మనిషి పోయాక, ఏం రాసిందో తెలుసుకోవాలని పిచ్చిపట్టినట్టు వెతికాను.

ఆవిడ అవనిగడ్డలో నర్సు. నేను బందరులో సైన్సు టీచర్ని. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. ఎందుకని అడిగేవాళ్ళ కోసం నా దగ్గర దురుసు సమాధానాలు చాలా ఉండేవి, అవిక్కడ అనవసరం. విజయవాడలో స్టాంపుల ప్రదర్శనకి వెళ్తే, ఒకే కృష్ణజింక స్టాంపు కోసం ఇద్దరం చెయ్యి చాపాం. నాకంటే నాలుగేళ్ళు పెద్దదని అక్కా అన్నాను. ఆవిడ నన్ను పంతులమ్మా అని పిలిచి, జింకని నాకిచ్చేసింది.

అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా కవర్లే. మేం పెట్టుకున్న రూలు ఒకటే, కవరు మీద జంతువో పిట్టో ఉండి తీరాలి. దానికోసం ఆవిడ పోస్టాఫీసు కౌంటర్లో నిలబడి, మామూలు స్టాంపులు వద్దండీ, ముద్ర కాస్త మెల్లిగా వెయ్యండీ అని బతిమాలేది. లోపల ఉత్తరం ఉండేది కాదు. బటర్ పేపర్లో చుట్టిన మరో రెండు స్టాంపులుండేవి. కబుర్లన్నీ కవరు వెనకే, నీలం సిరా పెన్నుతో. ఫోన్లో ఆవిడకి నోరు పెగిలేది కాదు. బాగున్నావా, తిన్నావా, అంతే.

నా పద్ధతి నాది. కవరు రాగానే వెనక చదివేసి, స్టాంపు ఉన్న మూల కత్తిరించి, సత్తు పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో వేసేదాన్ని. జిగురు వదిలాక పాత క్యాలెండరు కాగితం మీద ఆరబెట్టి, కీర్తనల పుస్తకంలో పెట్టి అదిమేదాన్ని. ఒక ఆదివారం చర్చిలో లేచి పాట తీస్తే చిరుతపిల్లి వెళ్ళి పక్కావిడ చెప్పు మీద పడింది. మిగిలిన కవరు చెత్తబుట్టలోకే.

ఇది తెలిసి అక్క ప్రాణం ఉసూరుమంది. ఏ ఊళ్ళో బయల్దేరింది, ఏ రోజు చేరింది, ఎవరు ఎవరికి రాశారు, అదంతా కవరు మీదే కదా ఉంటుంది, ఉత్త స్టాంపుకి ఏం తెలుసు అని పోరేది. నాకు చెబితే వింటానా? చెత్తంతా దాచుకోడానికి మా ఇంట్లో మ్యూజియం లేదక్కా అని ఎగతాళి చేశాను.

ఆవిడ రిటైరయ్యి గుడివాడలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. తరవాత నేనూ రిటైరయ్యాను. బడి లేని మొదటి వానాకాలం, ఇంట్లో రేడియో తప్ప మాట్లాడే ప్రాణి లేదు. అప్పుడొచ్చింది నీటికుక్క, నేను ఎన్నాళ్ళుగానో అడుగుతున్నది. వానకి కవరు మెత్తబడిపోయి స్టాంపు అంచు లేచిపోతోంది. ఎక్కడ చిరిగిపోతుందోనని కంగారుపడి, చదవకుండా, కత్తిరించకుండా, కవరుని కవరులాగే పళ్ళెంలో వేసేశాను. స్టాంపు ఊడాక తిప్పి చూద్దును కదా, వెనకంతా నీలం నీళ్ళు. కోళ్ళ గురించో మోకాళ్ళ నొప్పుల గురించో అయ్యుంటుందిలే అనుకున్నాను. చదవలేదంటే చీవాట్లు పెడుతుందని భయపడి, ఫోన్ చేసి, అందిందక్కా, స్టాంపు చాలా బాగుంది అని ఊరుకున్నాను.

"అంతేనా?" అంది.

"ఇంకేముంటుందక్కా?" అన్నాను.

తిన్నావా అని అడిగింది. ఆ తరవాత కూడా కవర్లు వచ్చాయి. వెనక మాత్రం 'కులాసా' అని ఒక్క ముక్కే ఉండేది. పెద్దదైపోతోంది, చెయ్యి వణుకుతోందేమో అనుకున్నాను. మట్టిబుర్ర నాది.

పోయినేడు అక్క పోయింది. చెల్లెలు ఫోన్ చేస్తే ప్యాసింజరెక్కి వెళ్ళి, గుప్పెడు మట్టి వేసి వచ్చాను. ఇంటికొచ్చాక ఒక్కసారి ఆవిడ చేతిరాత చూడాలనిపించింది. ఆల్బమ్ నిండా పులులూ కొంగలూ ఉన్నాయి, అక్క రాసిన అక్షరం ఒక్కటి లేదు. ఆ 'అంతేనా' అప్పుడు గుర్తొచ్చింది. బీరువా, పరుపు కింద, పుస్తకాల మధ్య, అన్నీ దులిపాను. నీటికుక్కని భూతద్దం కింద పెట్టి చూస్తే ముద్రలో సగం తేదీ కనబడింది. ఏడ్చాను.

నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడికకి మళ్ళీ గుడివాడ వెళ్ళాను. భోజనాలయ్యాక చెల్లెలు ఒక బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టి, ఇవి మీకే ఇవ్వమందండీ అంది. నేను పంపిన కవర్లు, ఒక్కటీ చిరగకుండా, తేదీల వరసలో ఉన్నాయి. ప్రతిదాని వెనకా అందిన రోజూ, ఆ పూట సంగతీ పెన్సిల్‌తో చిన్నగా రాసుకుంది.

స్టేషన్లో బెంచీ మీద కూర్చుని, నీటికుక్క అందాక నేను పంపిన కవరు వెతికి తీశాను. సారస కొంగ అంటించి పంపాను. వెనక్కి తిప్పాను.

"పంతులమ్మని వచ్చి నాతో ఉండమని అడిగాను. రెండు గదులు చూశానని కూడా రాశాను. స్టాంపు బాగుందంది. మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టకూడదు."

బందరు బండి వచ్చింది, వెళ్ళిపోయింది. నేను లేవలేదు. వచ్చేదాన్నక్కా. ఆ వారమే సామాను సర్దుకుని వచ్చేసేదాన్ని.