పన్ను కోసం ఆపిన ఐదు మాత్రలు

మంగళవారం. ఉదయం పదిన్నర. స్థలం: ఆత్మకూరులో ఒక పళ్ళ డాక్టరమ్మ క్లినిక్. హాజరైనవారు: ఉదయగిరిలో పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన నేను, నా భార్య జయమ్మ, అనంతసాగరం నుంచి వచ్చిన మా బామ్మర్ది రమణారెడ్డి, కారు డ్రైవరు మస్తాన్, నా కింది దవడలో కుడివైపు పుచ్చిపోయిన పన్ను. సాయంత్రానికి ఈ అయిదుగురిలో ఒక్కరే ప్రశాంతంగా ఉన్నారు. అది పన్ను.

ఇది మూడేళ్ళ కిందటి డైరీలో ఉన్న సంగతి. ఒక మనిషి పరమ మూర్ఖపు పనిని ఎంత పద్ధతిగా చేయగలడో చూడాలనుకునేవారు కూర్చోండి, చెబుతాను.

అంతకు ఏడాది ముందు ఒక ఉదయం చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే కుడిచేతి వేళ్ళు నా మాట వినలేదు. జయమ్మను పిలవబోతే నోట్లోంచి పేరు బదులు ఏదో నీళ్ళు పుక్కిలించిన శబ్దం వచ్చింది. నెల్లూరు తీసుకెళ్ళారు. మెదడులో రక్తం గడ్డ అడ్డం పడింది, స్ట్రోక్ అన్నారు. అదృష్టం కొద్దీ చెయ్యి, మాట రెండూ తిరిగి వచ్చాయి. ఆ గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తేలలేదు. గుండె చూశారు, మెడలో రక్తనాళాలు చూశారు, షుగరు చూశారు, ఛాతీకి తీగలు అంటించి ఒక రోజంతా చూశారు. అన్నీ బాగున్నాయట.

"కారణం దొరకలేదండీ," అన్నాడు నెల్లూరు డాక్టరు.

"దొరకలేదంటే, లేదనా?"

"ఉండే ఉంటుంది. మనకు కనపడలేదు. దొంగ ఎవరో తెలియకపోయినా తలుపుకు గడియ వేసుకుంటాం గదా! రక్తం పలచబరిచే ఈ మాత్ర ఆ గడియ. రోజూ ఉదయం టిఫిన్ తర్వాత ఒకటి. నన్ను అడగకుండా ఆపవద్దు."

ముప్పై ఆరేళ్ళు ఉత్తరాల మధ్య బతికినవాణ్ణి నేను. పంపినవారి పేరు లేని కవరు చూస్తేనే నాకు చేతులు దురద పెట్టేవి. అలాంటి కవరే నేరుగా నా తలకు వచ్చింది! మళ్ళీ ఎప్పుడు వస్తుందోనని కాలు తిమ్మిరెక్కినా, కన్ను అదిరినా డైరీలో టైము రాసేవాణ్ణి. మాత్ర మాత్రం ఒక్క పూట తప్పలేదు, పన్ను నొప్పి వచ్చేదాకా.

నొప్పి మొదలైన వారానికి రమణారెడ్డి వచ్చాడు. మా రమణారెడ్డికి గేదె ఈనడం దగ్గర్నుంచి గుండె ఆపరేషన్ దాకా తెలియని విద్య లేదు. ఒక్కటీ చదువుకోలేదు, అంతే.

"బావా, ఆ మాత్ర మింగతానే పన్ను పీకించుకుంటావా? మా ఊళ్ళో ఒకాయన అట్నే చేసినాడు. మూడు దినాలు రక్తం ఆగలా. తువ్వాలు మీద తువ్వాలు మార్చినారు. ముందు అయిదు రోజులు ఆపు."

"ఎవరురా ఆయన?"

"ఎవరైతే ఏంది? రక్తం రక్తమే గదా."

"నెల్లూరు డాక్టరుకు ఒక ఫోను చేస్తే?"

"చేస్తే ఏమంటాడు? రా అంటాడు. పోతే ఇంకో స్కానింగ్ అంటాడు. నీకు పన్ను నొప్పా, ప్రయాణాల మోజా?"

తువ్వాళ్ళు నా కళ్ళ ముందు వరసగా ఆరేసినట్టు కనిపించాయి. ఆపేశాను.

జయమ్మకు చెప్పలేదు. ఆమె ఇడ్లీ ప్లేటు పక్కన మాత్ర పెట్టేది. నేను నీళ్ళు తాగి, గొంతు కదిలించి, మాత్రను చొక్కా జేబులో వేసుకుని, తర్వాత డైరీ వెనక అట్టకు ఉన్న కవరులో దాచేవాణ్ణి. భార్యకు అబద్ధం ఆడగలిగాను గానీ డైరీకి ఆడలేకపోయాను. అయిదు రోజులూ అవే మూడు వాక్యాలు: "మాత్ర వేయలేదు. జయకు తెలియదు. భయంగా ఉంది."

ఆత్మకూరులో డాక్టరమ్మ నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచింది.

"రోజూ వేసుకునే మందులు ఏమైనా ఉన్నాయా సార్?"

"ప్రస్తుతం ఏమీ లేవమ్మా."

ఆ 'ప్రస్తుతం' అనే మాటను నేను ఎంత నిజాయితీగా పలికానో మీరు చూడాలి! ఆమె ఇంజెక్షన్ ఇచ్చింది, పన్ను తీసింది, దూది పెట్టి గట్టిగా కరిచి పట్టుకోమంది. మొద్దుబారడం రెండు గంటల్లో, మహా అయితే మూడు గంటల్లో పోతుందని చెప్పింది. నేను గడియారం చూసుకుని రాసుకున్నాను.

భోజనానికి హోటల్లో ఆగాం. వాళ్ళు తిన్నారు, నేను చూశాను. దూది తీసేశాక చల్లటి మజ్జిగ ఇచ్చారు. అది ఎడమవైపు లోపలికి వెళ్ళి కుడివైపు బయటికి వచ్చింది.

"బావా, కొళాయి కారతా ఉండాది," అని రమణారెడ్డి పడీపడీ నవ్వాడు.

కారు ఉదయగిరి దారి పట్టింది. ఇంజెక్షన్ ఇచ్చి రెండు గంటలు అయ్యాయి. పెదవికి స్పర్శ రాలేదు. రెండుంపావు. రాలేదు. రెండున్నరకు నాకు ఒక ఆలోచన వచ్చింది. అది రాకుండా ఉంటే ఎంత బాగుండేది! మూతి వంకర పోవడానికి ఇంజెక్షన్ ఒక కారణం. స్ట్రోక్ ఇంకో కారణం. అయిదు రోజులుగా గడియ తీసిన ఇంట్లో, లోపల చప్పుడు పిల్లిదా, దొంగదా? తెలుసుకునేదెట్లా?

జయమ్మకు చెబితే మాత్రల సంగతి చెప్పాలి. చెప్పకపోతే ప్రాణం పోవచ్చు. ఈ రెండింటిలో ఏది ప్రమాదమని నేను అయిదు నిమిషాలు ఆలోచించానంటే ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం ఎలాంటిదో పెళ్ళయినవారికి అర్థమవుతుంది.

స్ట్రోక్ అవునో కాదో చూసుకోమని నెల్లూరులో నేర్పిన పరీక్ష మొదలుపెట్టాను. రెండు చేతులూ ముందుకు చాపి కళ్ళు మూసుకున్నాను.

మస్తాన్ అద్దంలో చూశాడు. "ఏంది సార్, నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా? అప్పుడే దండాలు పెడతా ఉండారు!"

జయమ్మ నా వైపు తిరిగింది. "ఏమైందండీ? ఏదీ, ఒకసారి నవ్వండి."

నవ్వాను.

"నవ్వండీ!"

"నవ్వుతున్నాను," అనబోతే మెత్తటి గంజి లాంటి మాట ఒకటి జారింది. ఆమె ముఖంలో రంగు పోయింది. ఏడాది కిందట బొత్తాలు పెట్టుకోలేని ఉదయం ఆమె ముఖం సరిగ్గా ఇలాగే ఉంది. అది చూశాక నాకు నిజంగా కుడిచేయి కూడా మొద్దుబారినట్టు అనిపించింది.

"ఎప్పటి నుంచి ఇట్లా ఉండాది? ఎన్ని గంటలకు మొదలైంది? డాక్టర్లు అడుగుతారు. మీరు రాసే ఉంటారు," అని ఆమె నా ఒళ్ళోని డైరీ లాక్కుంది.

వద్దని చెయ్యి ఊపాను. ఆలస్యమైపోయింది. వెనక కవరులోంచి అయిదు తెల్లటి మాత్రలు ఆమె ఒళ్ళో రాలాయి. ఆమె వాటిని చూసింది. పేజీ చూసింది. ముందు పేజీ చూసింది. పైకి చదివింది.

"'మాత్ర వేయలేదు. జయకు తెలియదు.'"

మాత్రలను ఒక్కొక్కటిగా ఏరి అరచేతిలో పెట్టుకుంది.

"ఎవరు ఆపమన్నారు?"

నాకు మాట సరిగ్గా రాకపోవడం ఆ రోజంతటిలో ఆ ఒక్క క్షణమే ఉపయోగపడింది. కానీ నా కళ్ళు ముందు సీటు వైపు వెళ్ళాయి. రమణారెడ్డి మెడ చొక్కా కాలరులోకి దిగిపోయింది.

"అది కాదక్కా, మా ఊళ్ళో ఒకాయన..."

"నువ్వు నోరు ముయ్యి. మస్తాన్, బండి తిప్పు!"

మస్తాన్ తిప్పిన తిప్పుడుకు అడ్డం వచ్చిన గొర్రెల మంద రెండుగా చీలిపోయింది. ఆ దారంతా జయమ్మ నా కుడిచేతిని రెండు చేతులతో పట్టుకునే ఉంది. తిట్టలేదు. అదే భయం వేసింది. ఆమె తిట్టడం లేదంటే నేను పోతున్నానన్నమాట.

ఆత్మకూరులో పెద్దాసుపత్రికి వెళ్ళాం. డ్యూటీ డాక్టరు కుర్రవాడు. జరిగిందంతా జయమ్మ తడబడకుండా చెప్పింది. చేతులు ఎత్తించాడు, కాళ్ళు నెట్టించాడు, వేళ్ళు లెక్కపెట్టించాడు, దవడ మీద సూదితో గుచ్చాడు.

"తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

"అమ్మా!"

నొప్పి! దవడలో సుత్తితో కొట్టినట్టు నొప్పి! పన్ను పీకిన గుంట తన ఉనికి చాటుకుంది. "నొప్పి వచ్చింది! జయా, నొప్పి వచ్చింది!" అని నేను మంచం మీద లేచి కూర్చుని అరిచాను. మాట స్పష్టంగా వచ్చింది. పక్క మంచం వాళ్ళు జాలిగా చూశారు. రమణారెడ్డి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

కుర్ర డాక్టరు అయినా వదల్లేదు. తల స్కానింగ్ తీయించాడు. కొత్తగా ఏమీ లేదన్నాక నెల్లూరు డాక్టరుకు ఫోను కలిపి నా చేతికి ఇచ్చాడు.

"పంటి నుంచి రక్తం కారితే కంటికి కనపడుతుంది, దూది పెట్టి నొక్కితే ఆగుతుంది. మెదడులో గడ్డ అడ్డం పడితే దూది ఎక్కడ పెడతారు? ఒక్క ఫోను చేసి ఉంటే ఏం చేయాలో నేనూ, ఆ పళ్ళ డాక్టరూ మాట్లాడుకునేవాళ్ళం. రేపు ఉదయం నుంచి మళ్ళీ మొదలుపెట్టండి."

"మిగిలిపోయిన అయిదూ కలిపి ఆరు వేసుకోవాలాండీ?"

"ఒక్కటి. ఫోను మీ ఆవిడకు ఇవ్వండి."

మరుసటి ఉదయం ఆరున్నరకు గేటు దగ్గర పాలు పోసే ఆమె అడిగింది: "సార్, మాత్ర ఏసుకున్యారా?" టిఫిన్ కాలేదన్నాను. ఏడుకు పేపరు వేసేవాడు సైకిల్ దిగి మరీ అడిగాడు. ఎదురింటి టీచరమ్మ మేడ మీద నుంచి అడిగింది. మస్తాన్ హారన్ కొట్టి, అద్దం దించి అడిగి వెళ్ళాడు. నేను లేవకముందే జయమ్మ వీధి మొత్తానికి డ్యూటీలు వేసేసింది. ఎనిమిదింటికి ఇడ్లీ తిన్నాను, మాత్ర వేసుకున్నాను, ఆమె టార్చిలైటు వేసి నా నాలుక కింద కూడా చూసింది. తొమ్మిది లోపల మరో ఏడుగురికి జవాబు చెప్పాను. అప్పుడు ఫోను మోగింది.

"బావా, మాత్ర ఏసుకున్యావా?" రమణారెడ్డి.

"ఓరి నీ! ఆపమన్నది నువ్వే గదరా!"

"అది కారులో అక్క చూపు చూడకముందు బావా. ఏసుకున్యావా లేదా చెప్పు, నేను మళ్ళీ అక్కకు ఫోను చేసి చెప్పాల."

ఆ రోజు పేజీ చివర పెద్ద అక్షరాలతో ఇలా రాసి సంతకం చేశాను: ఈ శరీరంలో మిగిలిన ముప్పై ఒక్క పళ్ళూ రాలిపోవుగాక, నెల్లూరు డాక్టరును అడగనిదే ఒక్క మాత్ర ఆపను. కింద సాక్షి సంతకం జయమ్మది. ఆమె దాని పక్కనే ఇంకో మాట కూడా రాసింది: "నమ్మను."